ఎవరి మెడ

దేవమ్మకు అనుమానం ఒక రోగం కాదు, అదొక పనితనం. ఇంద్రేశంలో ఆమెకు నీళ్లపాలు పోసి తప్పించుకున్న వాడు ఇంతవరకు లేడు. కూరగాయల బండివాడు ఆమె వాకిట్లోకి వచ్చే ముందే కాంటాను రెండుసార్లు సరిచేసుకుంటాడు. ఊరి చుట్టూ చేన్లు పోయి ప్లాట్లయిన రోజుల్లో కొలత టేపు పట్టుకొచ్చిన వాళ్ల వెనకాల మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నడిచి, తమ రెండెకరాల గట్టు జానెడు కూడా జరగనివ్వలేదు. అలాంటి మనిషిని, మొగుణ్ని తెచ్చి ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టమంటే ఊరికే పడుకోబెడుతుందా?

ఎల్లయ్యకు యాభై ఎనిమిదేళ్లు. మందుల కంపెనీలో కాంట్రాక్టు కింద డ్రమ్ములు దొర్లించే పని. ఆర్నెల్ల కింద షిఫ్టు దిగి గేటు దగ్గర ఛాతీ పట్టుకొని కూర్చుండిపోయాడు. గుండెకు పోయే నాళాలు మూడు మూసుకుపోయాయని, బైపాస్ తప్పదని తేల్చారు. రింగు రోడ్డు అవతల ఉన్న పెద్దాసుపత్రిలో ఒకసారి తారీఖు ఇస్తే జ్వరం వచ్చి తప్పిపోయింది. రెండోసారి గురువారం పొద్దునకు ఇచ్చారు. సోమవారం నాడు రిపోర్టులన్నీ పట్టుకొని ఎల్లయ్య, దేవమ్మ, ఎల్లయ్య తమ్ముడు శివకుమార్ ముగ్గురూ డాక్టర్ ముందు కూర్చున్నారు.

అంతకుముందే ఒక పిల్ల వచ్చి ఎల్లయ్యను ఏవేవో అడిగి పోయింది. ఇవాళ ఏం వారం, ఇది ఏ ఊరు, ఐదు మాటలు చెప్తాను మళ్లీ చెప్పు, గడియారం బొమ్మ గీయి. ఎల్లయ్య ఐదింట్లో నాలుగు చెప్పి బడిపిల్లగాడిలా మురిసిపోయాడు. దేవమ్మ మాత్రం ముఖం ముడుచుకొని కూర్చుంది. గుండె బాగు చేస్తామని పిలిచి గడియారాలు గీయించే వాళ్ల మీద ఆమెకు నమ్మకం ఎట్లా కుదురుతుంది? ఈ మనిషి ఎంత అమాయకుడో చూసుకొని సంతకాలు పెట్టించుకోవడానికే ఈ ప్రశ్నలని ఆమె లెక్క.

డాక్టర్ శివరామకృష్ణ మాట నెమ్మది. చేతిలో కాయితాలు తిప్పుతున్న ఆయన్ని దేవమ్మ సూటిగా అడిగింది.

“సార్, ఖరాబైంది గుండె గదా. తలకాయ ఎందుకు సూస్తుర్రు? మెడకు స్కాన్ ఎందుకు రాసిర్రు?”

శివకుమార్ వదిన మోచేతిని గిల్లాడు. ఆమె ఆ చేతిని దులిపేసుకుంది.

“మంచిగ అడిగినవమ్మా,” అన్నాడు డాక్టర్. “ఆపరేషన్ చేసేటప్పుడు గుండెను ఆపుతం. ఆ కాసేపు ఒంట్ల రక్తాన్ని మిషన్ తిప్పుతది. మెదడుకు రక్తం పోయే పెద్ద దారులు మెడల ఉంటయి. ఆ దారి ఇరుకైందనుకో, మిషన్ తోలే రక్తం తలకు చాలదు. లేదంటే ఆ దారిల పేరుకున్న కొవ్వు ముక్క ఊడిపోయి మెదడుల అడ్డం పడతది. అప్పుడు గుండె బాగైతది గని మనిషి బాగుండడు. చెయ్యి లేవదు, మాట రాదు, ఒక్కోసారి పెండ్లాన్ని గూడ గుర్తుపట్టడు. అందుకే ముందుగాల మెడ సూసుకుంటం. ఆపరేషన్ అయ్యేదాకా నుదుటికి రెండు పట్టీలు అంటిచ్చి, మెదడుకు రక్తం అందుతున్నదా లేదా అని కనిపెడుతనే ఉంటం. ఆ పిల్ల అడిగిన ప్రశ్నలు ఆపరేషన్ అయినంక మళ్లా అడుగుతది. తెలివిల ఏమన్న ఫరక్ వస్తే తెలుస్తది.”

పెండ్లాన్ని గుర్తుపట్టడు అన్న మాట దేవమ్మ గుండెల్లో దిగబడింది. వాళ్ల వాడలోనే మొగులమ్మ ఉంది. ఐదేళ్ల కింద మొగుడికి పక్షవాతం వస్తే, అప్పటినుంచి ఆ మనిషి మంచంలో పడుకొని మొగులమ్మను అమ్మా అని పిలుస్తాడు. మొగులమ్మ అన్నం కలిపి నోట్లో పెడుతూ ఊఁ కొడుతుంది. చావు కంటే అది దేవమ్మకు ఎక్కువ భయం.

“మా ఆయన మెడ ఎట్లున్నది సార్?” అంది గొంతు తగ్గించి.

“బ్రహ్మాండంగ ఉన్నది. రెండు దిక్కుల దారి సాఫ్‌గ ఉన్నది. పాతికేండ్ల పిలగాని మెడ లెక్కన ఉన్నది.” డాక్టర్ రిపోర్టు పక్కన పెట్టబోయి ఆగాడు. “ఆఁ, కుడి దిక్కు థైరాయిడ్‌ల ఉసిరికాయంత గడ్డ ఒకటి కనబడ్డది. ఇప్పుడు దానితోని పరేషాన్ లేదు. ఆపరేషన్ అయినంక సూపిచ్చుకోండ్రి.”

ఎల్లయ్య అవసరానికి మించి నవ్వాడు. శివకుమార్ అంత ఉక్కపోతలో అంగీ పైగుండీ పెట్టుకున్నాడు. దేవమ్మ రెండూ చూసింది. అర్థం కాకపోయినా, చూసినదాన్ని వదిలేసే అలవాటు ఆమెకు లేదు.

ఇంటికి వచ్చే దారంతా ఆమెకు ఒకటే ఆలోచన. పదహారో ఏట నుంచి బీడీ నోట్లోంచి దింపని మనిషి. ఛాతీ నొప్పి వచ్చినప్పటి నుంచి మానేశానంటాడు, ఆ మాట మీద ఒట్టు పెట్టమంటే దేవుడి పటాల దిక్కు మాత్రం చూడడు. అలాంటి మనిషికి పాతికేళ్ల పిల్లగాడి మెడ ఎక్కడినుంచి వచ్చింది? గుండె నాళాలు మూడూ పాడు చేసిన పొగ మెడలో నుంచి పోయేటప్పుడు మర్యాదగా పోయిందా?

సాయంత్రం తలకు నూనె రాస్తానని మొగుణ్ని పీట మీద కూర్చోబెట్టింది. పెళ్లయిన కొత్తలో తప్ప ఎన్నడూ రాయని నూనె. ఎల్లయ్య కళ్లు మూసుకొని హాయిగా కూర్చున్నాడు. ఆమె వేళ్లు తల మీద నాలుగు తిప్పులు తిప్పి మెల్లగా మెడకు దిగాయి. కుడి పక్క తడిమింది. ఎడమ పక్క తడిమింది. గొంతు కింద, దవడ కింద వెతికింది. ఉసిరికాయ కాదు కదా, కందిగింజంత కూడా ఏమీ దొరకలేదు.

“ఏందే, గొంతు పిసుకుతున్నవ్?” ఎల్లయ్య ఉలిక్కిపడి లేచాడు.

“గడ్డ ఏది?”

“ఏం గడ్డ?”

“డాక్టర్ చెప్పిండు గదా, ఉసిరికాయంత. ఎటు పోయింది?”

“లోపట ఉంటది. నీ వేళ్లకు దొరుకుతదా? డాక్టర్ కంటె నీకు ఎక్కువ మాలూమా?” అని కసురుకొని, నూనె తల మీద తువ్వాలు వేసుకొని బయటికి పోయాడు.

దేవమ్మ అక్కడే పీట మీద కూర్చుండిపోయింది. ఆమెకు విషయం తేటతెల్లమైంది, అంటే తేటతెల్లమైందని అనుకుంది. రిపోర్టులు మారిపోయాయి. ఈ చుట్టుపక్కల ఊరికి నలుగురు ఎల్లయ్యలు ఉంటారు. ఎవడో మంచి మెడ ఎల్లయ్య కాయితం తమకు వచ్చింది, తమ ఎల్లయ్య కాయితం వాడికి పోయింది. స్కాన్ సెంటర్ వాళ్లు పేరు చూసి కవరు ఇచ్చేస్తారు, మనిషిని చూస్తారా? గురువారం నాడు ఎవడిదో మెడ నమ్మి తన మొగుడి గుండె ఆపేస్తారు. లేచాక ఆ మనిషి తనను అమ్మా అని పిలుస్తాడు. 

మంగళవారం పొద్దున్నే చీర మార్చుకుంటుంటే ఎల్లయ్య వచ్చి గడపకు అడ్డం నిలబడ్డాడు.

“ఎటు?”

“బీరంగూడ. స్కాన్ సెంటర్‌కు.”

“ఎందుకు? అన్ని అయిపోయినయి. సంతకాలు అయినయి. ఇప్పుడు పోయి గెలుకుడు పెట్టకు. మల్ల తారీఖు పోతది.”

“కాయితం మారింది. సరిచేయిచ్చుకొని వస్త.”

“మారలేదే. నా మాట ఇను, పోకు.”

ఆ గొంతులో కోపం లేదు, బతిమాలుడు ఉంది. పెళ్లయిన ముప్పై ఐదేళ్లలో ఎల్లయ్య ఆమెను బతిమాలింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దేవమ్మ ఒక్క క్షణం ఆగి మొగుడి ముఖంలోకి చూసి, షేర్ ఆటో అందుకోవడానికి జల్దీగా నడిచింది.

స్కాన్ సెంటర్‌లో స్కాన్ తీసే ఆమె పేరు శ్రీలత. కళ్లద్దాలు నెత్తి మీదకు తోసుకొని, దేవమ్మ చెప్పింది ఓపికగానే విన్నది. రిపోర్టు మార్చారన్న మాట వచ్చేసరికి మాత్రం ఆ ఓపిక ఆవిరైపోయింది.

“ఏమ్మా, పొద్దుపొద్దుగాల వచ్చి మా మీద పడ్డవ్? పోయిన బుధవారం రోజంతా మేం తీసింది ఒక్కటే మెడ. మీదే. మిగిలినవన్ని కడుపులే. మారెతందుకు ఇంకో మెడ ఉండాలె గదా!”

“ఇంకో ఎల్లయ్య ఉండొచ్చు గదా.”

“లేడు. ఆ దినం నాకు మంచిగ యాదున్నది. ఇద్దరు వచ్చిర్రు మీవోళ్లు. మెట్ల మీద కూసున్నాయన బీడీ ముట్టిచ్చిండు. వాసన లోపటికి వస్తే నేనే పోయి ఆర్పిచ్చిన. లోపట మంచం మీద పండుకున్నాయన పాపం బుద్ధిమంతుడు. నేను వాపస్ వచ్చి తిడుతుంటే, ‘ఏమనుకోకుండ్రి మేడం, మా అన్న గంతే’ అన్నడు.”

“ఎవరన్నరు ఆ మాట?”

“చెప్తున్న గదా, స్కాన్ తీయిచ్చుకున్నాయన. మీ ఆయన.”

దేవమ్మ బెంచీ మీద కూలబడింది. ఎల్లయ్యకు అన్న లేడు. అత్తగారి కడుపున మొదట పుట్టింది ఎల్లయ్యే, తర్వాత పుట్టింది శివకుమార్. శివకుమార్ బీడీ ముట్టడు, కల్లు ముట్టడు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే తానే తప్పు చేసినట్టు తల దించుకుంటాడు. మెట్ల మీద కూర్చొని బీడీ కాల్చింది తన మొగుడు. లోపల పడుకొని మెడ చూపించుకున్నది తన మరిది.

శ్రీలత కంగారుపడి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. దేవమ్మ తాగలేదు. ఊళ్లో అందరినీ అనుమానించింది, డాక్టర్‌ను అనుమానించింది, ప్రశ్నలడిగిన పిల్లను అనుమానించింది, ఇప్పుడిక్కడ ఈమె మీద అరిచింది. దొంగ మాత్రం తన ఇంట్లో తన చేతి అన్నం తింటున్నాడు. ఆమెకు కోపమూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి. శ్రీలతను తప్పైంది బిడ్డా అని వచ్చేసింది.

ఇంటికి రాగానే శివకుమార్‌ను పిలిచింది. వాడు పక్కింట్లోనే ఉంటాడు. వచ్చి వసారాలో నిలబడ్డాడు, అంగీ పైగుండీ పెట్టే ఉంది. ఎల్లయ్య లోపల మంచం మీద కూర్చొని ఉన్నాడు. ఆమె చెంబు నిండా నీళ్లు తెచ్చి మరిదికి ఇచ్చింది.

“తాగు.”

“దూప లేదు వదినా.”

“గుండీ ఇప్పి తాగు.”

శివకుమార్ అన్న దిక్కు చూశాడు. ఎల్లయ్య నేల చూశాడు. వాడు గుండీ విప్పి చెంబెత్తి ఒక గుక్క మింగాడు. గొంతుకు కుడి పక్కన చర్మం కింద ఉండలాంటిది పైకి లేచి మళ్లీ కిందికి దిగింది. రెండో గుక్కకు మళ్లీ లేచింది. ఇన్నేళ్లు ఒకే వాకిట్లో తిరిగే మనిషి గొంతును ఆమె ఎన్నడూ అంత దగ్గరగా చూడలేదు.

“గిది ఎవరి మెడరా?” అంది దేవమ్మ.

శివకుమార్ చెంబు కింద పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎల్లయ్యే నోరు విప్పాడు.

“ఆన్ని ఏమనకు. నేనే తీస్కపోయిన.”

“ఎందుకు?”

ఎల్లయ్య తువ్వాలు మడతలు పెడుతూ, విప్పుతూ చెప్పాడు. రెండు నెలల కింద చేను కాడ మోటరు వేయబోతే కుడి చెయ్యి లేవలేదట. శివకుమార్‌ను పిలవబోతే నోరు తిరగలేదట. గట్టు మీదే కూర్చున్నాడు. చాయ్ తాగేంత సేపట్లో అంతా మామూలైపోయింది. ఎవరికీ చెప్పలేదు.

“మెడల దారి మూస్కపోతే గట్లనే అయితదట. ఆసుపత్రిల పక్క మంచమాయన చెప్పిండు. ఆయనకు మెడ ఖరాబని చెప్పి ఆపరేషన్ ఆపిర్రట. నేను గూడ ఫెయిలైతే వాపస్ పంపిస్తరు. ఛాతిల నొప్పి పెట్టుకొని ఇంట్ల పండుకొని సావాలె. అందుకే తమ్మున్ని పండుకోబెట్టిన.”

“పాస్ అయితే సాలా? నీ మెడ పాస్ కావొద్దా?”

“కంపెనీ మెడికల్ లెక్కనే అనుకున్నం వదినా,” అన్నాడు శివకుమార్ మెల్లగా.

కంపెనీ మెడికల్ సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఏడాదికొకసారి కంపెనీ గేటు లోపలికి పరీక్షల బండి వస్తుంది. బీపీ చూస్తారు, రక్తం తీస్తారు, గొట్టంలో ఊదమంటారు. తేడా వచ్చిన కాంట్రాక్టు మనిషికి మర్నాటి నుంచి గేటు పాసు పనిచేయదు. అందుకని ఆ రోజు చాలా ఇళ్ల నుంచి గట్టి మనుషులు వస్తారు. తమ్ముడో, బామ్మర్దో, ఎదిగిన కొడుకో. నెత్తిన హెల్మెట్, మూతికి మాస్కు, జేబులో అసలు మనిషి పాసు. మేస్త్రీకి తెలుసు, అయినా కళ్లు మూసుకుంటాడు, ఆయనకు కావాల్సింది డ్రమ్ములు దొర్లడమే. ఎల్లయ్య పేరు మీద పదకొండేళ్లుగా గొట్టంలో ఊదుతున్నది శివకుమార్.

“ఆర్ఎంపీ డాక్టర్ అన్నకు బీపీ ఉన్నదన్న యేడు, పొమ్మని నన్ను బతిలాడింది నువ్వే గదా వదినా,” అన్నాడు వాడు. నిష్ఠూరంగా అనలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అందుకే ఆ మాట ఆమెకు ఇంకా గట్టిగా తగిలింది.

ఎల్లయ్య మంచం దిగి వచ్చి ఆమె రెండు చేతులు పట్టుకున్నాడు.

“ఎవ్వరికి చెప్పకు దేవీ. రేపు చేరాలె, ఎల్లుండి ఆపరేషన్. అయితే అయింది, పోతే పోయింది. మల్ల తారీఖు పోతే నేను బతుక.”

“బతికి నన్ను గుర్తుపట్టకపోతే?” అని చేతులు విడిపించుకుంది దేవమ్మ.

ఆ రోజు పొయ్యి ముందు కూర్చున్నంతసేపూ ఆమె మనసు రెండు దిక్కులా గుంజింది. చెప్తే డాక్టర్ కోపానికి వస్తాడు, మోసగాళ్లని బయటికి పొమ్మంటాడు. మొగుడు అన్నట్టే ఛాతీ పట్టుకొని ఇంట్లోనే పోతాడు. చెప్పకపోతే గుండె బాగై లేచిన మనిషి తనను చూసి ఎవరివమ్మా అంటాడు. ఏ దారి తీసినా తీసింది తానే అవుతుంది. నమ్మకం అన్నది ఆమె ఎవరికీ అప్పనంగా ఇచ్చిన మనిషి కాదు. ఇప్పుడు ఇవ్వక తప్పని చోటికి వచ్చి నిలబడింది, ఇచ్చేది నిన్న మొన్న చూసిన డాక్టర్‌కు.

బుధవారం ఆసుపత్రిలో ఎల్లయ్యకు నీలం గౌను తొడిగి, మణికట్టుకు పేరున్న పట్టీ కట్టారు. నర్సు వచ్చి పేరు అడిగింది, పట్టీ చూసింది, మళ్లీ పేరు అడిగింది. ఎల్లయ్య భార్య దిక్కు ఓరకంట చూస్తున్నాడు. ఆమె కిటికీ దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది. డాక్టర్ శివరామకృష్ణ వచ్చి, ఏమయ్యా ధైర్యమేనా అని భుజం తట్టగానే ఆమె ముందుకు వచ్చింది.

“సార్, మీరు సూసిన మెడ ఈయనది కాదు.”

“ఏందమ్మా?”

“మా మరిదిది. ఫెయిలైతే ఆపరేషన్ చెయ్యరని భయపడి ఆన్ని పండుకోబెట్టిర్రు. ఈయనకు రెండు నెలల కింద చెయ్యి లేవలే, నోరు తిరగలే. అదీ దాచిర్రు. తప్పు మాదే. పొమ్మంటే పోతం, గని ఈ మెడ సూడకుంట మాత్రం కొయ్యకుండ్రి.”

డాక్టర్ ముఖం ఎర్రబడింది. శివకుమార్‌ను దగ్గరికి పిలిచి, గడ్డం పైకెత్తించి, గొంతు మీద రెండు వేళ్లు పెట్టి మింగమన్నాడు. వేళ్లు తీసి ఎల్లయ్యకు ఎదురుగా నిలబడ్డాడు.

“నేను ఎవర్ని మోసం చేస్తున్ననని అనుకున్నవయ్యా? నన్నా? రేపు ఆ బల్ల మీద పండుకునేది నేనా?”

ఎల్లయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. డాక్టర్ తానే కుర్చీబండి తెప్పించి స్కాన్ గదికి తీసుకుపోయాడు. బయట ఉండమన్నా దేవమ్మ ఉండలేదు, మొగుడి చెయ్యి పట్టుకొనే లోపలికి పోయింది. తెర మీద నల్లటి గీతలు ఆమెకు అర్థం కావు కాబట్టి డాక్టర్ ముఖమే చూస్తూ నిలబడింది. కుడి పక్క చూసినప్పుడు ఆ ముఖం మామూలుగా ఉంది. ఎడమ పక్కకు వచ్చేసరికి కనుబొమలు దగ్గరికి వచ్చాయి. చేతిలో పరికరాన్ని అక్కడక్కడే తిప్పి తిప్పి చూశాడు.

“పెన్సిల్ పట్టే దారి ఉండాలమ్మా. అగ్గిపుల్ల పట్టే దారే ఉన్నది. పైగా ఆ పేరుకున్నది మెత్తగ ఉన్నది, ఊడేటట్టు. మొన్న చెయ్యి లేవకపోయింది దానివల్లనే. రేపు గిట్లనే ఆపరేషన్ చేసి ఉంటే ఈయన లేస్తుండెనో లేదో, లేచినా మాట్లాడుతుండెనో లేదో నేను చెప్పలేను.” చేతులు తుడుచుకున్నాడు. “రేపు ఆపరేషన్ లేదు.”

ఎల్లయ్య కళ్లు మూసుకున్నాడు. చూశావా అన్నట్టు దేవమ్మ చెయ్యి వదిలేశాడు.

“పూరా ఇను. నేను నిన్ను వాపస్ పంపియ్య. నీ గుండె కొన్ని దినాలు ఆగుతది, మందులు ఇస్తం. ముందుగాల మెడల దారి తెరుస్తం. అది కుదురుకున్నంక గుండె చేస్తం. రెండూ చేస్తం,” అన్నాడు డాక్టర్.

దేవమ్మ డాక్టర్ కాళ్లు పట్టుకోబోయింది. ఆయన కంగారుపడి వెనక్కి జరిగాడు. మొదటి రోజు నుంచి ఎంత చెడ్డగా అనుకుందో అదంతా గుర్తొచ్చి ఆమెకు ఏడుపు ఆగలేదు.

రెండు రోజులకు మెడ ఆపరేషన్ అయింది. ఎడమ పక్క జానెడు కుట్లు. నెల తిరగకముందే గుండె ఆపరేషన్ పెట్టారు. ఆ రోజు ఎల్లయ్యను లోపలికి తోసుకుపోయే ముందు, నుదుటికి అంటించే పట్టీలు ఏవి, ఎక్కడ అంటిస్తారు, వాటిని ఎవరు చూస్తుంటారు, వాళ్లు మధ్యలో చాయ్‌కి పోతారా అని దేవమ్మ మత్తు డాక్టర్‌ను ఆపి మరీ అడిగింది. కృతజ్ఞత వేరు, అలవాటు వేరు. చూసేది నేనే, చాయ్‌కి పోను అని ఆయన నవ్వుతూ చెప్పాక గానీ దారి ఇవ్వలేదు. ఐదు గంటలు బెంచీ మీద అంటుకుపోయి కూర్చుంది. శివకుమార్ చాయ్ తెస్తే చల్లారిపోయింది.

మర్నాడు నోట్లో గొట్టం తీశాక ఒక్కదాన్నే లోపలికి రమ్మన్నారు. ఎల్లయ్య ముఖం ఉబ్బి ఉంది, కళ్లు సగం తెరిచి ఉన్నాయి. దేవమ్మ వంగి అడిగింది.

“నేనెవర్ని?”

ఎల్లయ్య ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. పెదవులు తడుపుకున్నాడు.

“గీ అనుమానం నీకు గాక ఇంకెవ్వరికుంటదే దేవీ.”

ఆమె నవ్విన నవ్వుకు నర్సు వచ్చి బయటికి పంపించింది.

ఆరో రోజు ఆ ప్రశ్నల పిల్ల మళ్లీ వచ్చింది. ఎల్లయ్య ఈసారి ఐదుకు ఐదు చెప్పాడు, గడియారం గీశాడు, ముళ్లు సరిగ్గా పెట్టాడు. తెలివికి ఏ ఢోకా లేదన్నది. మర్నాడు ఇంటికి పంపిస్తారనగా డాక్టర్ శివరామకృష్ణ వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు. దేవమ్మ, శివకుమార్ అటూ ఇటూ నిలబడ్డారు.

“ఎల్లయ్యా, మెడల, గుండెల అంత పేరుకోవాలంటే పదేండ్లకు పైగా బీపీ ఎక్కువ ఉండాలె. దాని మీద బీడీలు. మొదట్లోనే దినాం ఒక్క గోళీ ఏసుకుంటే ఇంత దూరం వస్తుండెనో లేదో. ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న బీపీ సూపిచ్చుకోలేదా?”

“ఎందుకు సూపిచ్చుకోలే సార్!” ఎల్లయ్యకు పౌరుషం వచ్చింది. “ఏటేటా కంపెనీల సూసేటోళ్లు. ఏటేటా ఫిట్ అనే వచ్చింది. పదకొండు కాయితాలు ఇంట్ల పెట్టెల ఉన్నయి. నాకు బీపీ ఎన్నడు లేదు సార్.”

డాక్టర్ రాస్తున్న పెన్ను ఆగింది.

“ఫిట్ అని నీకే వచ్చిందా?”

“నాకే సార్. నా పేరు మీదనే.” ఎల్లయ్య ముఖంలో అబద్ధం చెప్తున్న జాడ ఏమీ లేదు. శివకుమార్ దిక్కు కూడా చూడలేదు.

డాక్టర్ లేచి జేబులోంచి చిన్న లైటు తీసి ఎల్లయ్య కళ్లలో వేసి చూశాడు. రెండు చేతులూ ఎత్తమన్నాడు. ఇవాళ ఏం వారమని అడిగాడు. ఎల్లయ్య అన్నీ సరిగ్గానే చెప్పి చేశాడు. మొన్న మెడ స్కాన్‌కు తమ్ముణ్ని పంపిన మనిషి, ఈ కాయితాల సంగతి ఇంత నిజాయితీగా చెప్తుంటే ఏమనుకోవాలో ఆయనకు తోచలేదు. ఆపరేషన్‌లో మెదడుకు ఏదో అయిందన్న అనుమానం ఆయన ముఖంలో దేవమ్మకు స్పష్టంగా కనిపించింది. అనుమానం ఎట్లా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా?

“తెలివి మంచిగనే ఉన్నది సార్,” అంది ఆమె. “ఆ కాయితాలు మా మరిదియి. ఈయన పాసు పట్టుకొని పదకొండేండ్లు ఆడే పోయిండు. మొదలు పంపింది నేను. కంపెనీని మోసం చేస్తున్నం అనుకున్నం. ఫిట్ అని కాయితం ఇంటికి వచ్చిన దినం కోడిని కోసుకునేటోళ్లం. ఒకటి, రెండేండ్లు ఆడిది అని యాదున్నది. తర్వాత తర్వాత ఈయనకే ఫిట్ అని వచ్చినట్టు అందరం నమ్మినం. నేను గూడ నమ్మిన.”

ఎల్లయ్య భార్యను, తమ్ముణ్ని మార్చి మార్చి చూశాడు. ఇన్నేళ్లకు ఆ సంగతి అప్పుడే అతనికి గుర్తుకొచ్చినట్టుంది.

“మరి ముందుగాల బీపీ ఉన్నదని ఎవరూ చెప్పలేదా?” అన్నాడు డాక్టర్.

“ఊళ్లె ఆర్ఎంపీ చెప్పిండు సార్. గోళీలు గూడ ఇచ్చిండు. నెల దినాలు ఏసుకున్నడు.” దేవమ్మ మొగుడి పాదాల మీద దుప్పటి సరిచేసింది. “మొదటి కాయితం వచ్చిన నాడు, ఫిట్ అని వచ్చింది గదా, ఇగ గోళీలెందుకని బంద్ చేయిచ్చింది నేనే సార్.”